ఈడ్చిన కాలి గీత

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టినా పొగమంచు విడలేదు. బడి వెనక మైదానం తెల్లగా, చప్పుడు లేకుండా పడి ఉంది. నాలుగు బారల అవతల ఏముందో కనబడటం లేదు. బొంగరం బంతి చంకలో పెట్టుకుని ఒక్కతే అక్కడికి వచ్చింది.

చెయ్యి గిర్రున తిప్పి బంతి విసురుతుంది కనుక సాఫ్ట్‌బాల్ జట్టులో అందరికీ ఆమె బొంగరమే. చెయ్యి బాగానే తిరుగుతుంది. చిక్కంతా కాళ్ళతోనే.

"ఒక్క చేత్తో ఎంతని విసురుతావే? భుజం పట్టేస్తుంది. కాలికింది రబ్బరు పలకని కుడికాలితో తన్ని ముందుకు దూకు. బలం కాళ్ళలోంచి రావాలి," అని కోచ్ మేడమ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. రోజుకు వందసార్లు అలా దూకమంది. బొంగరం పదిసార్లు దూకేది. వంద అయ్యాయని చెప్పేది.

ఆ బుధవారం, బంతి విసిరేవాళ్ళు నిలబడే రబ్బరు పలక దగ్గర టక్కున ఆగిపోయింది.

తడిమట్టిలో ఒకే ఒక్క పాదముద్ర. చెప్పులు లేని ఎడమపాదం. పలక నుంచి దాని దాకా పొడవాటి గీత. ఎవరో ఒంటికాలిమీద గెంతుతూ రెండో కాలు ఈడ్చుకుంటూ వెళ్ళినట్టుంది. ఆ పైన అంతా గడ్డే. ఎటు వెళ్ళారో తెలియదు.

"ఎవరది? బొంగరమా?" మంచులోంచి మేడమ్ వచ్చింది. గీత చూసి టేపు తీసి కొలిచింది. "ఏకంగా ఐదడుగులు! పలకని తన్నాక వెనకకాలు ఇలాగే రాసుకుంటూ రావాలి. ఇది నీదేనా?"

బొంగరం నోరు దానంతట అదే తెరుచుకుంది. "నాదే మేడమ్. బూట్లు విప్పి దూకాను."

"శభాష్! శనివారం మ్యాచ్‌లో మొదటి బంతి నీదే."

మేడమ్ వెళ్ళగానే బొంగరం ఆ ముద్రను బూటుతో చెరిపేసింది.

మర్నాడు అది మళ్ళీ అక్కడే ఉంది. బెత్తెడు ముందుకు జరిగింది కూడా.

బొంగరం పలకమీద నిలబడి బలంగా దూకింది. ఆమె కాలు ఆ ముద్రకు జానెడు వెనకే పడింది. మళ్ళీ దూకింది. మళ్ళీ జానెడే. కోపంతో ముద్రను చెరిపేసింది.

అప్పుడు వినిపించింది. స్ర్ర్... ధబ్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ స్ర్ర్... ధబ్.

"ఎవరక్కడ?" బొంగరం అరిచింది.

చప్పుడు ఆగిపోయింది. ఆగిపోవడమే ఎక్కువ భయంగా ఉంది. మంచు లోపల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు అనిపించింది. 'నా అడుగు నీదన్నావట?' అని అడగడానికే వచ్చారేమో! బొంగరం పైప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి చూడకుండా క్లాసు గది దాకా పరుగెత్తింది.

శుక్రవారం వచ్చింది. రేపే మ్యాచ్. అందరి ముందూ అడుగు జానెడు తక్కువ పడితే? మొదటి గంటకు ముందే మైదానానికి వెళ్ళింది. ముద్ర ఉంది. చప్పుడూ ఉంది. ఈసారి పారిపోకుండా, చెయ్యి ముందుకు చాపి చప్పుడు వైపే నడిచింది.

మంచులోంచి గోడ బయటపడింది. దానిమీద గుండ్రటి తడి మచ్చలు, కళ్ళలాగా. పాతికో ముప్పయ్యో ఉంటాయి.

గోడకు ఎదురుగా ఒక చిన్న ఆకారం వంగింది. మోకాళ్ళు ముడిచి, నేలను తన్ని, ఒక్క ఊపున ముందుకు దూకింది. వెనకకాలు స్ర్ర్‌మని గీసుకుంది. మేజోడులో చుట్టిన పాత బంతి గోడకు ధబ్‌మని తగిలింది.

బడి వాచ్‌మన్ కూతురు! బొంగరం కంటే ఒక క్లాసు చిన్నది.

ఆ పిల్ల వెనక్కి తిరిగి అదిరిపడింది. "అక్కా! పలక తొక్కానని మా నాన్నకి చెప్పకు."

"ఆ ముద్ర నీదా?"

"అవునక్కా. ముందు పలక దగ్గర దూకి, తర్వాత ఇక్కడికొచ్చి బంతి విసురుతా. అక్కడ దూకిన ప్రతిసారీ మట్టి సర్దేస్తా. ఆఖరిది మాత్రం ఉంచుతా, మర్నాడు అది దాటాలని. బాగా దాటాక జట్టులో చేర్చుకోమని మేడమ్‌ని అడుగుదామనుకున్నా. కానీ..." గొంతు తగ్గించింది. "ఇక్కడ ఏదో ఉందక్కా. రెండ్రోజులుగా నా అడుగుని చెరిపేస్తోంది. నిన్న మంచులోంచి అరిచింది కూడా. నేను కదలకుండా నిలబడిపోయా."

ఆ పిల్ల భయపడుతున్న దెయ్యం ఎవరో బొంగరానికి తెలిసిపోయింది.

"దెయ్యం కాదే," అంది మెల్లగా. "నేనే. రా."

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తిన్నగా మేడమ్ గదికి వెళ్ళింది.

"మేడమ్, బుధవారం మీరు కొలిచిన అడుగు నాది కాదు. దీనిది. రోజూ వంద అన్నదీ అబద్ధమే. పదే."

మేడమ్ బల్లమీది టేపు చేతిలోకి తీసుకుంది. చిన్నపిల్ల వైపు చూసి, "ఏదీ, ఒకసారి దూకి చూపించు," అంది.

శనివారం మైదానం చుట్టూ జనం. మొదటి బంతి వాచ్‌మన్ కూతురిది. బొంగరం వంతు తర్వాతెప్పుడో, మేడమ్ పిలిస్తే.

ఆ పిల్ల వట్టికాళ్ళతో బెంచీమీద బిక్కమొహం వేసుకుని కూర్చుంది. బొంగరం తన బూట్లు విప్పింది. అవి ఆ పిల్లకి వేలెడు వదులు. బూట్ల ముందుభాగంలో గుడ్డముక్కలు కుక్కి, కింద కూర్చుని లేసులు రెండేసి ముళ్ళు వేసింది.

"భయంగా ఉందక్కా."

"ఉంటుందిలే. పలకని గట్టిగా తన్ను," అంటూ బొంగరం ఆ పిల్ల వీపుమీద చెయ్యి వేసి మైదానంలోకి తోసింది.