మోకాలి లోతు

సముద్రంలో ఎవరైనా చెయ్యెత్తితే ఆలోచించకూడదు, పరిగెత్తాలి. టార్లో బే బీచ్‌లో కాపలా కాసే పిల్లలకి మొదట నేర్పే పాఠం ఇదే. డెల్లా ఆలోచించలేదు. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

డిసెంబరు వేసవి సెలవులు అప్పుడే మొదలయ్యాయి. పదహారేళ్ళ డెల్లా ఎరుపూ పసుపూ టోపీ పెట్టుకుని, ముక్కుకి తెల్లటి క్రీము పూసుకుని, తను కాస్త కన్నార్పితే సముద్రం ఊరి మీద పడిపోతుందన్నంత సీరియస్‌గా నిలబడింది. ఈతకి హద్దుగా పాతిన జెండాల మధ్య, ఓ పెద్ద అల వెనక నుంచి, ఎవరిదో చెయ్యి నిటారుగా లేచింది. అంతే. ఈల ఊదింది, నీళ్ళలో తేలే బోర్డు లాక్కుని పరిగెత్తింది, ఆ కుర్రాణ్ణి చంకల కింద పట్టుకుని బోర్డు మీదికి ఈడ్చింది.

"నేను నిలబడే ఉన్నానండీ," అన్నాడతను మర్యాదగా.

అప్పుడే అల వెనక్కి వెళ్ళింది. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. బీచ్ మొత్తం ఐస్‌క్రీములు పక్కన పెట్టి మరీ చూసింది.

"మరి చెయ్యెందుకు ఎత్తావు?"

"హలో చెబుదామని."

"హలో చెప్పడానికి నోరుంది. ఇక్కడ చెయ్యెత్తితే చచ్చిపోతున్నానని అర్థం."

"మా ఊళ్ళో బతికే ఉన్నానని అర్థం," అన్నాడు.

అతని పేరు ఫెర్గస్. మనుషుల కంటే గొర్రెలు ఎక్కువుండే లోపలి ప్రాంతం నుంచి, ఇక్కడ యాత్రికులు దిగే కారవాన్ పార్కు నడిపే మేనత్త దగ్గరికి సెలవులకి వచ్చాడు. సముద్రం చూడటం అదే మొదలు. డెల్లాని చూడటం కూడా.

సాయంత్రానికి ఊరు డెల్లాకి కొత్త పేరు పెట్టేసింది: మోకాలు. ఆ ఊళ్ళో ఒకసారి పేరు పెడితే ఇక అంతే సంగతులు. పూర్తి బట్టతల ఉన్న మెకానిక్‌ని ఏళ్ళ తరబడి ఉంగరాల జుట్టూ అని పిలుస్తున్న ఊరది. ఫెర్గస్ ఒక్కడే ఆమెని డెల్లా అని పిలిచేవాడు, అసలు మోకాలన్న పేరు రావడానికి కారణం తనే కాబట్టి పాపభీతి కాబోలు.

బీచ్ దళానికి కెప్టెన్ అయిన నోలీన్ అంతకంటే గొప్ప న్యాయం చేసింది. రక్షించినవాళ్ళే ఈత కూడా నేర్పాలంది. దాంతో జనవరి అంతా డెల్లా అతని గడ్డం పట్టుకుని నీళ్ళలో తేల్చే పని మీదే ఉంది. ఉన్నితో సహా నీళ్ళలో పడ్డ గొర్రె కూడా నీకంటే నయం అనేది. గొర్రెల గురించి తెలిసినట్టు మాట్లాడకు అనేవాడు. తర్వాత ఇద్దరూ ఒకే పొట్లంలో చిప్స్ తింటూ, పెద్ద ముక్క కోసం కొట్టుకునేవాళ్ళు.

అతను తన ఊరి రోడ్డు గురించి చెప్పాడు. ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపాలట. పోస్టుమాన్ అయినా, పశువుల డాక్టరైనా, దారి తప్పిన ఈము పక్షి అయినా సరే, ఒక వేలు. తను పన్నెండో ఏటి నుంచే పొలంలో బండి నడుపుతున్నానని కూడా గొప్పలు పోయాడు.

ఒక మధ్యాహ్నం వాన కురిసింది. అందరూ క్లబ్బు వరండాలోకి పరిగెడితే, అతను మాత్రం ఆకాశం కేసి నోరు తెరుచుకుని బయటే నిలబడ్డాడు. వాన చూసి ఎంతకాలమైందో పాపం. పిచ్చోడని తిట్టడానికే డెల్లా బయటికి వెళ్ళింది. తిట్టకుండా పక్కనే తడుస్తూ నిలబడింది. అతనంటే తనకి ఇష్టమని అప్పుడే తెలిసింది. తెలిసినందుకు ఒళ్ళు మండింది.

నెలాఖరున అతన్ని తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. చెప్పాల్సింది చెప్పేద్దామని డెల్లా వేడి వేడి చిప్స్ పొట్లంతో రోడ్డు పక్కన నిలబడింది. బండి వచ్చింది. అద్దం మీద ఎండ భగ్గుమంటోంది, లోపల మొహాలు కనిపించలేదు. స్టీరింగ్ మీద ఒక వేలు మాత్రం లేచింది. బండి వెళ్ళిపోయింది.

అంటే తనూ ఈము పక్షీ ఒకటే అన్నమాట. డెల్లా ఇద్దరి వాటా చిప్సూ ఒక్కతే తినేసింది. కళ్ళలో నీళ్ళొస్తే ఉప్పెక్కువైందని అంగడివాణ్ణి తిట్టుకుంది.

ఫిబ్రవరిలో బడి తెరిచారు. మొదటి రోజే, భుజాలు జారే కొత్త యూనిఫాంలో, క్లాసులో ఫెర్గస్ కూర్చుని ఉన్నాడు. వాళ్ళ వైపు బడి పదో తరగతితోనే సరి అట, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుతాడట. ఇదంతా డెల్లాకి ఎవరో చెబితే తెలిసింది, ఎందుకంటే అతను పలకరించినప్పుడల్లా ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఈము పక్షులకి మాటలు రావు కదా.

ఆ తర్వాతి వారం ఊరి ఈతకొలనులో బడి పోటీలు జరిగాయి. ఫెర్గస్ అందరికంటే వెనక ఈదుతున్నాడు. సగంలో ఆగిపోయాడు. చెయ్యి నిటారుగా పైకెత్తాడు.

"మోకాలూ, నీ డ్యూటీ," అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ పగలబడి నవ్వారు. ఆటల మాస్టారు హాడ్లీ కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటున్నాడు. అక్కడ నీళ్ళు ఛాతీ దాకానే అని డెల్లాకి తెలుసు. ఇది కూడా హలోయే అయితే బతికున్నంత కాలం తను మోకాలే. ఈసారి ఆమె ఆలోచించింది. అంతా ఆలోచించి, బూట్లతో సహా దూకింది.

"మునుగుతున్నావా, హలోనా?"

"పిక్క పట్టేసింది. ఒంటికాలి మీద ఉన్నాను," అన్నాడతను పళ్ళు బిగబట్టి. "హలో కూడా."

"దానికి వేలు చాలుగా. ఆ రోజు రోడ్డు మీద అదేగా పడేశావు."

అతను బాధ కూడా మరిచిపోయి చూశాడు. "అది మా నాన్న వేలు. బండి ఆయనే నడిపాడు. నా రెండు చేతుల్లో మా కుక్క ఉంది. బండి ఆపమని నేనంటే, ఆ పిల్ల భోంచేస్తోంది, కదిలించకు అన్నాడు నాన్న."

డెల్లా అతని నడుం చుట్టూ చెయ్యి వేసింది, పడిపోకుండా. అందుకే వేసింది.

"దారిన పోయేవాళ్ళకి వేలే, డెల్లా," అన్నాడు మెల్లగా. "చెయ్యి నీకొక్కదానికే ఎత్తాను. మొదటి రోజు కూడా."

డెల్లా ఖాళీగా ఉన్న చెయ్యిని, బడంతా చూస్తుండగా, ఇంకా లేచే ఉన్న అతని చెయ్యి పక్కన నిటారుగా పైకెత్తింది.

సరిగ్గా అప్పుడే హాడ్లీ మాస్టారికి కళ్ళజోడు దొరికింది. నీళ్ళలో రెండు చేతులు లేచి ఉండటం చూసి, ఈల ఊది, ప్యాంటూ చొక్కాతో సహా ఆ ఛాతీ లోతు నీళ్ళలోకి దూకేశాడు.

మర్నాటి నుంచి మోకాలు అని పిలవడం అందరూ మరిచిపోయారు. ఊళ్ళో ఇప్పుడు ఛాతీ మాస్టారు ఉన్నాడు.