మూలగది కంప్యూటరు

ఆ ప్రింటింగ్ ప్రెస్సులో మూలగది మాటెత్తితే చాలు, పనివాళ్లు మాట మార్చేసేవారు. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి మెషిన్లు ఆగాక మాత్రం, అక్కడి కంప్యూటరు దగ్గర ఒక ఆడగొంతు గుసగుసలాడుతుందట. ఇద్దరు డిజైనర్లు బ్యాగులు కూడా తీసుకోకుండా పారిపోయారు.

మూడో డిజైనరు మా మరదలు. ఎన్నాళ్లకో దొరికిన ఉద్యోగం. తెల్లారేసరికి ఒక పుస్తకం అట్ట తయారు కాకపోతే అది కాస్తా ఊడుతుంది.

"భయపడకమ్మా, బయట నేనుంటా," అన్నారు ఓనరుగారు. రోజూ సాయంత్రానికల్లా ఇల్లు చేరిపోయే మనిషి. గుమ్మానికి ఎంత దూరంలో కుర్చీ వేసుకున్నారో మాత్రం అడక్కండి!

మెషిన్లు ఆగాయి. చడీ చప్పుడూ లేదు...

"ఏమండీ..."

మరదలి చెయ్యి మౌసు మీదే బిగుసుకుపోయింది.

"నీళ్లు... తాగారా...?"

పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ పరిగెడితే ఉద్యోగమూ పోతుంది! ఏడుపొచ్చింది, దాంతోపాటు ఒళ్లూ మండింది. అయినా మన దాహం సంగతి అడిగే దెయ్యం ఎక్కడైనా ఉంటుందా? గొంతు వచ్చింది స్పీకర్లోంచి... అంటే ఉన్నది కంప్యూటర్లోనే. తెర మీద చూస్తే అనుమానించదగ్గ ఐకాన్ బొమ్మ ఒక్కటీ లేదు.

కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి, "విన్‌గెట్ లిస్ట్" అని కొట్టింది. లోపల కాపురమున్న ప్రోగ్రాముల పేర్లన్నీ బిలబిలా బయటికొచ్చాయి. వాటి మధ్య... "వాటర్ రిమైండర్".

"సార్! ఇదేంటి?"

ఓనరుగారు పిల్లిలా లోపలికొచ్చారు. "అదా... ఇది ఒకప్పుడు నా కంప్యూటరే. నేను నీళ్లు తాగట్లేదని మా ఆవిడ తన గొంతు రికార్డు చేసి మరీ పెట్టింది. ఎప్పుడో తీసేశానే!"

"ఎలా తీశారు?"

"తెర మీద బొమ్మ డిలీట్ చేశా. ఇక్కడ అందరం అంతేగా!"

"గుమ్మం మీద పేరు పీకేస్తే ఇంట్లోవాళ్లు ఖాళీ చేసేసినట్టేనా సార్? ఇన్నాళ్లూ అడుగుతూనే ఉంది. పగలు మెషిన్ల రొదలో వినపడలేదంతే."

ఇంకో కమాండుతో దాన్ని నిజంగానే తీసేసింది. అనుమానం తీరక స్పీకరు వైరు కూడా పీకేసింది.

ఓనరుగారు హమ్మయ్య అనుకుని, "ఉద్యోగం నీదేనమ్మా," అన్నారు. ఆపైన గొంతు తగ్గించి, "తీయించింది నేనని మాత్రం మా ఆవిడతో..."

"ఏమండీ... నీళ్లు తాగారా?"

ఇద్దరూ కొయ్యబారిపోయారు. స్పీకరు వైరు మరదలి చేతిలోనే ఉంది...

మెల్లగా వెనక్కి తిరిగారు. గుమ్మంలో ఓనరుగారి భార్య. చేతిలో, ఆయన ఇంట్లో మరిచిపోయిన నీళ్ల సీసా.

అది దెయ్యమే అయ్యుంటే బాగుండునని ఆయన అనుకుంటున్నట్టు మొహం చూస్తేనే తెలిసిపోయిందట.