మౌనభోజనం

అసురసంధ్య!

అక్టోబరు నెల ఆఖరి రోజు... పడమటి సముద్రంలో సూర్యుడు నెత్తుటి ముద్దలా కుంగిపోయాడు. పోల్‌గారన్ అనే ఊరి రేవు మీద కారుమబ్బులు కమ్ముకుని భీకరంగా ఉరుముతున్నాయి. పాడుబడ్డ తగరపు గని పొగగొట్టం మీద గుడ్లగూబ ఒకటి కర్ణకఠోరంగా కూసి, తన కూతకు తానే జడిసినట్టు ఊరుకుంది. ఊళ్లో తలుపులన్నీ ఒక్కొక్కటిగా మూసుకున్నాయి.

ఆ ఘడియలోనే, ఒకే సందులో, ఎదురెదురు ఇళ్లలో రెండు క్రతువులు మొదలయ్యాయి! ఒక ఇంటి మనిషిని ఊరు మంత్రగత్తె అంటుంది. రెండో ఇంటి మనిషిని పరమభక్తుడంటుంది. ఊరి తెలివి ఏపాటిదో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు మంత్రగత్తె సంగతి. ఆమె పేరు కెరెన్సా. విక్కా మార్గంలో నడిచే మనిషి. చంద్రుణ్ణీ నేలతల్లినీ కొలుస్తుంది. ఏ ప్రాణికీ కీడు తలపెట్టకూడదన్నది ఆ మార్గంలో మొదటి కట్టుబాటు. ఆమె ఒకప్పుడు బడి వంటగదిలో పిల్లలకు వండిపెట్టేది. మెడలో విక్కా గుర్తయిన ఐదు కోణాల నక్షత్రం చూసి తల్లులు గగ్గోలు పెడితే ఆ కొలువు ఊడింది. ఇప్పుడు ఇంట్లో సబ్బులు కాచి పొరుగూరి సంతలో అమ్ముకుంటోంది.

"ఏమే కెరెన్సా, చీపురెక్కి వచ్చావా, కాళ్ల మీద వచ్చావా?" అని చేపలకొట్టు ముసలమ్మ ఎకసెక్కమాడేది.

"చీపురు మరమ్మతుకిచ్చానమ్మా. నాలుగు కానాగంతలు ఇటు పడెయ్, త్వరగా పోవాలి" అని కెరెన్సా కూడా నవ్వేసేది.

ఆమె నవ్వలేని మాట ఒక్కటే ఉంది. ఒక్కగానొక్క కూతురు లోవెన్నా ఆరేళ్లకే మెదడువాపు జ్వరంతో పోయింది. ఆ చిట్టి సమాధి రాయి మీద నక్షత్రం చెక్కడానికి ఊరు ఒప్పుకోలేదు. సరే పొమ్మని అది కూడా దిగమింగింది. కానీ మట్టి వేస్తున్నప్పుడు, అందరూ వింటుండగా, ఎదురింటి హెడ్లీ ట్రెంబాత్ అన్నాడు: "తల్లి చేసిన పాపమే బిడ్డను మింగింది."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి కెరెన్సా తలకు నల్లటి రుమాలు లేకుండా గడప దాటలేదు. ఆ రుమాలు కింద మోకాళ్ల దాకా నల్లత్రాచుల్లాంటి జడలున్నాయనీ, అమావాస్యనాడు అవి బుసకొడతాయనీ ఊళ్లో కథ! ఊళ్లోవాళ్లు చూడబోయారా, పెట్టబోయారా? ఆమె ఇంటి గడప తొక్కిన వాళ్లేరీ?

అక్టోబరు ఆఖరున వచ్చే సావిన్ పండుగ సాయంత్రం విక్కా ఇళ్లలో మౌనభోజనం పెడతారు. చనిపోయినవాళ్లు ఆ పూట దారి వెతుక్కుంటూ వస్తారు. వాళ్ల కోసం వాకిట్లో మంట వేయాలి. అన్నీ తలకిందులుగా చేయాలి: వెనక్కి నడుస్తూ వడ్డించాలి, తీపితో మొదలుపెట్టాలి. మొదటి పళ్లెం పెట్టిన దగ్గర్నుంచి కొవ్వొత్తి కొండెక్కేదాకా ఇంట్లో ఒక్క మాట పుట్టకూడదు. పుట్టిందా... వచ్చిన అతిథి లేచి వెళ్లిపోవలసిందే. బతికున్నవాళ్ల మాట తరిమేసిన ఆత్మ ఆ బల్ల దగ్గరికి మరి రాదు!

ఇన్నేళ్లుగా లోవెన్నా చిన్న కుర్చీ కదలలేదు. అయినా కెరెన్సా ఈ ఏడు కూడా కుంకుమపువ్వు బన్ను చేసింది. లోవెన్నాకు ఎండుద్రాక్ష గిట్టదని ఒక్కొక్కటీ ఏరి పారేసింది. పళ్లెం పెట్టింది... పెదవులు బిగించింది... కూర్చుంది.

ఇక భక్తుడి సంగతి!

హెడ్లీ ఊరి ప్రార్థనామందిరంలో పెద్ద. భార్య పోయాక ఇంట్లో ఏడుపు వినబడకూడదని శాసించాడు. "ప్రార్థన చేసుకో, ఏడిస్తే అది దేవుణ్ణి ప్రశ్నించినట్టే" అన్నాడు కూతురు టెగెన్‌తో. ఆ పిల్లకు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ఎక్కడా ఏడవనివ్వకపోతే ఏం చేస్తుంది? దొంగచాటుగా సందు దాటి కెరెన్సా వంటింట్లో ఏడ్చుకుంది.

నిన్న వానలో తడిసి వచ్చినప్పుడు కెరెన్సా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తల తుడిచింది.

"నేను నీ మతంలోకి వస్తాననుకుంటున్నావా పిన్నీ?" అంది టెగెన్ ముక్కు చీదుతూ.

"నీ మతం నీ దగ్గరే ఉండనీవే పిల్లా. తల మాత్రం ఇటు తిప్పు, చిక్కులు పడిపోయింది" అంటూ పొడుగాటి నల్లటి జుట్టును ఓపికగా దువ్వింది.

టెగెన్ ఆ ఇంట్లోంచి బయటికి రావడం హెడ్లీ కంట పడింది. తెల్లారి కెరెన్సా సంతకు వెళ్లగానే పెరటి తలుపు తోసుకుని దూరాడు. కిటికీలో ఉన్న దువ్వెనకు చుట్టుకున్న నల్లటి వెంట్రుకలు పీకి జేబులో వేసుకున్నాడు. మంత్రగత్తె జుట్టు దొరికిందనుకున్నాడు మహానుభావుడు!

ఇప్పుడు పొయ్యిగూటి ముందు మోకరిల్లాడు. మంత్రతంత్రాలు ఎరిగిన తన తాత పెట్టెలోంచి తీసిన పొట్టేలు కపాలం ఎదురుగా ఉంది. దాని నేత్రకుహరాల్లో నిప్పుల వెలుగు క్రూరంగా నాట్యమాడుతోంది. చేతిలో ఎద్దు గుండె... దాని చుట్టూ ఆ వెంట్రుకలు! పరిశుద్ధ గ్రంథంలోని శాపనార్థాల కీర్తనను చివరి నుంచి మొదటికి చదువుతూ ఒక్కొక్క సూదీ గుచ్చసాగాడు.

"నా బిడ్డను వదులు, పిశాచమా! వదులు!"

ఫెళఫెళమని పిడుగు పడింది. చల్లబడిన ఆ మాంసపు ముద్ద అతని అరచేతిలో కొట్టుకోసాగింది... ధక్... ధక్... ధక్!

మేడ మీద నుంచి కెవ్వున కేక!

హెడ్లీ పరుగెత్తాడు. టెగెన్ నేల మీద విల్లులా వంగిపోయి ఉంది. కనుగుడ్లు తేలేసింది. రొమ్ము మీద ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే పొడుచుకొస్తున్నాయి.

"నాన్నా... ఎవరో గుచ్చుతున్నారు నాన్నా..."

మరుక్షణం అదే గొంతులోంచి, ఆడదీ మగదీ కాని ఒక వికృతస్వరం వెలువడింది: "ఆపావేం? ఇంకా గుచ్చు!"

మంత్రగత్తె తిరగబడుతోందనుకున్నాడు! మంత్రగత్తె వాకిటి మంటలోనే ఆ గుండెను కాల్చితే ఆమె బూడిదవుతుందని తాత చెప్పిన మాట గుర్తొచ్చింది. గుండెను పట్టుకుని ఉన్మాదిలా సందులోకి దూకాడు.

అదే క్షణంలో... ఎదురింట్లో... చిన్న కుర్చీ కదిలింది!

కిర్రుమంటూ వెనక్కి జరిగింది. కొవ్వొత్తి మంట నిటారుగా నిలిచింది. బన్ను అంచు చిన్న పళ్లతో కొరికినట్టు విరిగింది. ఎండుద్రాక్ష ఉందేమోనని వేలితో కెలికి చూసే అలవాటు లోవెన్నాది. ఇప్పుడూ అలాగే బన్ను మధ్యలో చిన్న గుంట పడింది! కుర్చీ మీద లేత పొగలాంటి ఆకారం... వంకర పాపిట... ఊడిన ముందు పన్ను...

కెరెన్సా ఊపిరి బిగబట్టింది. కొవ్వొత్తి ఇంకో అంగుళం మిగిలింది. ఆ అంగుళం కరిగేదాకా నోరు మూసుకుంటే చాలు. బిడ్డను కళ్లారా చూసుకోవచ్చు.

"బయటికి రావే!" వాకిట్లో హెడ్లీ గర్జించాడు. "నీ మంటలోనే నిన్ను కాలుస్తా! నా కూతుర్ని చంపుతావటే?"

ఆమె పలకలేదు. పొగ చెయ్యి ఒకటి బల్ల మీదుగా ఆమె వేళ్ల వైపు జరుగుతోంది.

"చూడు! నీ జుట్టే ఇది! కాలిపో!"

జుట్టా?

కెరెన్సా తల తిప్పి కిటికీలోంచి చూసింది. మంట మీదికి చాచిన చేతిలో గుండె... సూదులు... చుట్టూ మూరెడు పొడుగు నల్లటి వెంట్రుకలు! అవి ఎవరివో ఆమెకు తెలుసు. నిన్న తన చేతులతోనే చిక్కు తీసింది.

పొగ వేళ్లు ఆమె వేళ్లను తాకాయి. చల్లగా, చిన్నగా...

ఏ తల్లికీ రాకూడని క్షణం అది. పగవాడికి కూడా వద్దు!

"హెడ్లీ! వద్దు! అది నీ కూతురి జుట్టు!"

కొవ్వొత్తి ఆరిపోయింది. చిన్న కుర్చీ దభాలున పడిపోయింది. చీకట్లో, ఆమె చెవి దగ్గర, ఒక చిన్న నిట్టూర్పు వినిపించి దూరమైపోయింది.

తూలుకుంటూ వాకిట్లోకి వచ్చింది కెరెన్సా.

"అబద్ధం! నీ దువ్వెనలోంచే తీశాను!" అన్నాడు హెడ్లీ.

ఆమె మంట పక్కకి వచ్చి నిలబడింది. రుమాలు లాగి పారేసింది. మంట వెలుగులో... గొరిగిన తల! అంగుళం జుట్టు కూడా లేదు.

"నా జుట్టు నా బిడ్డతోనే పాతిపెట్టానయ్యా. మళ్లీ పెరగనివ్వలేదు. ఇన్నేళ్లూ ఎదురింట్లో ఉన్నావు. ఒక్కనాడు లోపలికొచ్చి కూర్చుని ఉంటే నీకే కనబడేది."

హెడ్లీ మంట మీంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చేతిలో గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, కానీ నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా... అవతల మేడ మీద టెగెన్ మూలుగు సన్నబడిపోతోంది.

"ఎట్లా ఆపాలి? చెప్పు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా!"

"నాకు తెలీదు హెడ్లీ. ఇలాంటివి నేనెప్పుడూ చేయలేదు" అని బావురుమంది మంత్రగత్తె.

కానీ అతనికి తెలుసు! లేచిన శక్తి ప్రాణం తీసుకోకుండా పడుకోదు. తాత ఆ సంగతి కూడా చెప్పే పోయాడు. కూతురి వెంట్రుకలు ఒక్కొక్కటీ విప్పి కెరెన్సా చేతిలో పెట్టాడు. తన నెరిసిన గడ్డాన్ని గుప్పెడు పట్టి పీకాడు. గుండెకు చుట్టాడు.

"ఏం చేస్తున్నావ్? ఆగు!"

"ఆ పిల్లని... నీ దగ్గర ఏడవనియ్యి" అన్నాడు.

గుండెను మంటలో పడేశాడు!

నింగి బద్దలైనట్టు ఉరిమింది. ఎదురింట్లో పొట్టేలు కపాలం నిలువునా పగిలింది. మంట ఇంటెత్తున లేచి అణిగింది. హెడ్లీ ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు. ఎన్ని సూదులు గుచ్చాడో అన్నీ అతనిలోనే దిగాయి. ద్వేషం లేపిన పిశాచాన్ని కన్నప్రేమ మింగేసింది.

"నాన్నా!" అంటూ టెగెన్ మెట్లు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

వైద్యుడు గుండె ఆగిందన్నాడు. ఊరికి ఆ మాట ఎందుకు ఎక్కుతుంది? "మంత్రగత్తె వాకిట్లో, మంత్రగత్తె మంట దగ్గర... ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నారు. ఆమె తలుపుకు తారు పూశారు. చేపలకొట్టు ముసలమ్మ ఎకసెక్కాలు మానేసింది, చేపలివ్వడం కూడా మానేసింది. "అది కాదు, ఆమె నన్ను బతికించింది" అని టెగెన్ ఎంత మొత్తుకున్నా, పిల్లకు మందు పెట్టిందనే అనుకున్నారు.

ఏడు తిరిగింది. మళ్లీ అసురసంధ్య.

ఈసారి కెరెన్సా ఇంకో పళ్లెం కూడా పెట్టింది. పక్కన టెగెన్ కూర్చుంది. పొద్దున ప్రార్థనామందిరానికి వెళ్లొచ్చిన బట్టలతోనే, పెదవులు బిగించి. కొవ్వొత్తి సగానికి వచ్చింది. పెద్ద కుర్చీ కిర్రుమంది. టెగెన్ ఎరిగిన పొగాకు వాసన, ఉప్పు తడి వాసన కలిసి గది నిండా పరుచుకున్నాయి. టెగెన్ కళ్లు ధారలు కట్టాయి. నాన్నా అనబోయిన ఆ నోటిని కెరెన్సా అరచేతితో మెత్తగా మూసింది.

తన బిడ్డ సమాధి దగ్గర అంత మాట అన్నవాడు! కెరెన్సా బన్ను పళ్లెం అతని వైపు జరిపింది.

ఎదురుగా చిన్న కుర్చీ ఉంది. ద్రాక్షలు ఏరేసిన బన్ను చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఆ కుర్చీ కదలలేదు. ఇక కదలదు. కెరెన్సాకు కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. రుమాలు అంచు నోట్లో కుక్కుకుంది. చిన్న చప్పుడైనా ఆ పిల్ల తండ్రి లేచి వెళ్లిపోతాడు.