అక్క పోసిన కాఫీ

"మనవాళ్ళు ముగ్గురు పిచ్చాసుపత్రిలో ఉన్నారు. నువ్వు ఆపకపోతే నాలుగో మనిషి ఈ మధ్యాహ్నమే చేరతాడు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఉలకలేదు. పక్కన పిడుగు పడ్డా రెప్ప వెయ్యడని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని రాయి అంటారు.

బ్రీఫింగ్ మొదలైంది. మెదడు ముందుభాగంలో పనైపోయిన డోపమైన్‌ను ఊడ్చిపారేసే ఎంజైమ్ ఒకటుంది. దాన్ని తయారుచేసే జీన్ కొందరిలో వేగం రకం. ఎంజైమ్ చకచకా ఊడుస్తుంది, మనిషికి మతిమరుపు కాస్త ఎక్కువైనా గండం వస్తే చెక్కుచెదరడు. కొందరిలో నెమ్మది రకం. జ్ఞాపకం, ఏకాగ్రత దివ్యంగా ఉంటాయి గానీ, భయం ముంచుకొస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే డిపార్ట్‌మెంట్ రక్తం పరీక్షించి వేగం రకాన్ని ఫీల్డ్‌కు పంపేది, నెమ్మది రకాన్ని కుర్చీకి అతికించేది. ఒకప్పుడు జాతకం చూసేవాళ్ళు, ఇప్పుడు జీన్ చూస్తున్నారు, అంతే తేడా.

"విదేశీ ముఠా దగ్గర ఆ ఎంజైమ్‌ను పూర్తిగా ఆపేసే మందుంది. తాగినవాడికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఆనవాలు మిగలదు. నెమ్మది రకమైతే ఇక కోలుకోవడమంటూ ఉండదు. రేపు ఒప్పందం మీద సంతకాలు పెట్టాల్సిన ఐదుగురు ప్రతినిధులు ఇవాళ మన లేబొరేటరీ చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళలో ఒకరి కాఫీలో పడుతుంది."

"కలిపేదెవరు?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "మీ అక్క."

రాయి మొదటిసారి రెప్ప వేశాడు. అమ్మకు మతి చెదిరి ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి అన్నం కలిపి పెట్టి, ఒళ్ళు తుడిచి, అతన్ని పెంచింది అక్కే. అమ్మకు ఏమైందో తేల్చాలనే ఆ చదువు చదివి, లేబొరేటరీ డైరెక్టరైంది. డిపార్ట్‌మెంట్ రక్తపరీక్షలు చేసేదీ ఆవిడే.

"నన్నే ఎందుకు పంపుతున్నారు సార్?"

"ఆవిడ ముఖం చదవగలిగేవాడివి నువ్వొక్కడివే. పైగా నీది వేగం రకం, చెయ్యి వణకదు. ముందే ఆపితే రుజువుండదు. రేపు ఇంకోచోట పోస్తుంది. కప్పుతో సహా పట్టుకో. ఈ ఉంగరం పెట్టుకో, మందున్న కప్పు దగ్గర చురుక్కుమంటుంది."

తెల్లకోటు, పెట్టుడు మీసం, లావుపాటి కళ్ళద్దాలతో రాయి వెయిటరయ్యాడు. అక్క నల్లసూటు, ఎర్ర లిప్‌స్టిక్‌తో నవ్వుతూ వచ్చేసరికి ప్రతినిధులు మైక్రోస్కోపుల సంగతే మరిచిపోయారు.

"ఇక్కడ వానలెలా ఉన్నాయి డాక్టర్?" అన్నాడు వాళ్ళతో వచ్చిన దుబాసీ.

"మీరు గొడుగు తెచ్చుకోవాల్సింది," అంది అక్క.

ఇద్దరి మధ్యా కోడ్ కుదిరిందని రాయికి అర్థమైంది. ఆ లేబొరేటరీలో అతిథులకు డైరెక్టరే స్వయంగా కాఫీ పోయడం మర్యాద. అక్క పోసింది. రాయి ట్రే పట్టుకుని ప్రతి కప్పు దగ్గరా చెయ్యి ఆడించాడు. ఉంగరం నోరెత్తలేదు. నమ్ముకున్న యంత్రం అసలు సమయానికి చేతులెత్తేసింది.

"ఏ కప్పు?" చెవిలో చీఫ్ గొంతు.

కప్పులు లేస్తున్నాయి. రాయి మీసం పీకేశాడు.

"అక్కా!"

ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. రాయి ఆ ముఖం మీంచి చూపు తిప్పకుండా మొదటి ప్రతినిధి చేతిలో కప్పు లాక్కుని ఓ గుక్క తాగాడు. రెండో కప్పు తాగాడు.

"ఏం చేస్తున్నావురా?" అంది ఆమె.

మూడో కప్పు పెదవికి తగిలీ తగలక ముందే ఆమె టేబుల్ మీదుగా దూకింది. కప్పు గోడకు తగిలి పగిలింది.

"వద్దురా! నీది అమ్మ రకం, నెమ్మది రకం!"

తలుపు వైపు పరిగెత్తిన దుబాసీని గార్డులు పట్టుకున్నారు. జేబులో మిగతా మందున్న సీసా దొరికింది.

పక్కగదిలో అక్కా తమ్ముడూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె చేతులకు బేడీలు.

"నాది వేగం రకమని చెప్పింది నువ్వే కదా?"

"నిజం చెప్తే నిన్ను కుర్చీలో కూలేసేవాళ్ళు. చిన్నప్పట్నుంచీ ఈ ఉద్యోగమే కలవరించావు. ఇన్నేళ్ళలో ఎక్కడైనా తడబడ్డావా? మనిషి ఎలాంటివాడో ఒక్క జీన్ తేల్చెయ్యదురా. నిన్ను చూశాకే నాకు తెలిసింది."

"మరి ఇదేంటక్కా?"

"అమ్మకు నయం చేసే మందంటే నమ్మాను. ఎంజైమ్‌ను అదుపులో పెట్టడం నేనే నేర్పాను. వాళ్ళు దాన్ని విషం చేశారు. కాదంటే నీకే పోస్తామన్నారు. దాంతో వేరేవాళ్ళకి పోశాను."

"ఆ ముగ్గురికీ అక్కలుండరా?"

ఆమె బేడీల చేతులు రెండూ ఎత్తి, అతని పైపెదవి మీద మిగిలిన జిగురును బొటనవేలితో తుడిచింది. "చర్మం ఊడింది. వెన్న రాసుకో," అంది. రాయి ఆ చేతుల్లో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తనను కాపాడడానికి అక్క అరిచిన అరుపుతోనే ఆమెను పట్టించాడు. ఆ అరుపు వస్తుందని తెలిసే కప్పు ఎత్తాడు.

బయట చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "శభాష్. కానీ రూల్ రూలే. నీకు మళ్ళీ రక్తపరీక్ష చేయించాలి."

రాయి కళ్ళు తుడుచుకున్నాడు.

"చేయించండి సార్. కాకపోతే ఆ పరీక్ష చేసే డాక్టరమ్మను ఇందాకే లోపల వేయించాను."