వదిన తెచ్చిన సీసా

ప్రాణం పోయే ముందు గూఢచారి ఏజెన్సీకి కబుర్లు మోసే కొరియర్ రెండే మాటలన్నాడు: "ట్యాంకు... లోపలివాళ్లే."

ఆ రెండు మాటలు పట్టుకుని చీఫ్ పిచ్చుకను మందుల ఫ్యాక్టరీకి పంపాడు. పిచ్చుక అన్నది ఏజెన్సీలో ఆమె కోడ్‌నేమ్. విరేచనాలతో వాడిపోయిన పసిపిల్లలకు పట్టే పొడి అక్కడ తయారవుతుంది. మేలు చేసే బ్యాక్టీరియాను ట్యాంకులో పెంచి, ఆరబెట్టి, ప్యాకెట్లలో నింపుతారు.

విదేశీ ముఠా చేతిలో ఒక వైరస్ ఉందని బ్రీఫింగ్‌లో చెప్పారు. అది మనుషుల జోలికి రాదు, బ్యాక్టీరియాకే పడుతుంది. ఒకదానిలో దూరి నకళ్లు తయారుచేసుకుంటుంది. సర్దుకునే హడావుడిలో ఒక్కోసారి తన జన్యువుకు బదులు ఆ ఇంటివాళ్ల, అంటే తాను దూరిన బ్యాక్టీరియా, జన్యువును మూటగట్టుకుని, తర్వాతి బ్యాక్టీరియాలో దింపుతుంది. ముఠా దాన్ని విషం చేసే బ్యాక్టీరియాలో పెంచింది.

"అంటే మన బ్యాక్టీరియాయే విషం తయారుచేస్తుందా సార్?" అని చీఫ్‌ను అడిగింది పిచ్చుక.

"అవును. టెస్టులో కొత్త క్రిమి కనబడదు. మనదే కనబడుతుంది."

పిచ్చుక విగ్గు, యూనిఫాంతో ట్యాంకు ఆపరేటర్‌గా చేరింది. కాలర్ బొత్తాంలో మైకు, చెవిలో చిన్న రిసీవర్ ఉన్న సంగతి వదినకు కూడా చెప్పొద్దని చీఫ్ అన్నప్పుడు ఆమె మనసు నొచ్చుకుంది. వదిన, అంటే ఆమె అన్న భార్య, ముఠాలో చేరినట్టు నటిస్తూ ఏజెన్సీకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ముఠా పంపగా ఇదే ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తోంది. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్‌తో నడిచొస్తే గార్డులు బ్యాగు చూడడం మర్చిపోయేవారు. అమ్మ పోయాక పిచ్చుకకు జడ వేసి స్కూలుకు పంపింది ఆమే. ఈ వృత్తిలోకి తెచ్చిందీ ఆమే.

ఆ పొద్దున బ్యాక్టీరియాకు తిండిగా పోసే ద్రావణాన్ని వదినే సీసాలో తెచ్చింది. తేటగా ఉంది. ఉడకబెట్టారా అని అడగడం పద్ధతి. పిచ్చుక అడిగింది. మోటార్ల రొదలో వదిన ఏదో చెప్పి, బుగ్గ తట్టి వెళ్లిపోయింది. ఉడకబెట్టానందనుకుని పిచ్చుక రబ్బరు గొట్టం బిగించి వాల్వు తిప్పింది.

చెవిలో చీఫ్ గొంతు వినిపించింది. "రొద తీసేసి మళ్లీ విన్నాం. ఉడకబెట్టాననలేదు. వడకట్టానంది."

వడపోతలో బ్యాక్టీరియా ఆగుతుంది, వైరస్ జారిపోతుంది. ఉడకబెడితేనే అది చచ్చేది. పిచ్చుక గొట్టాన్ని రెండు చేతులా మడిచి నొక్కిపట్టింది. ట్యాంకు మూతికి జానెడు దూరంలో ద్రావణం ఆగింది.

వదిన గేటు దగ్గరే దొరికిపోయింది. ఏజెన్సీ ఆఫీసులో పిచ్చుక ఆమె ఎదుట కూర్చుంది.

"నా చేత్తోనే పోయించాలనుకున్నావా వదినా?"

"ఇంకెవరు పోసినా అనుమానించేవాళ్లు. నిన్నెవరూ అనుమానించరు."

"నాతో అబద్ధమాడావు."

"లేదమ్మా. నీతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. వడకట్టాననే చెప్పాను. నీకు కావలసింది నువ్వు విన్నావు."

అది నిజమే. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. ఎవరి మూటో తెలియకుండానే దాన్ని ట్యాంకు మూతిదాకా మోసుకొచ్చింది తనే. ఎదురుగా కూర్చున్న వదిన లిప్‌స్టిక్ కూడా చెదరలేదు.

సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. వదిన ఫోన్ ఎత్తడం లేదట.

"ఆఫీసులోనే ఉంది అన్నయ్యా," అంది పిచ్చుక. "రావడం బాగా ఆలస్యమవుతుంది."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. వదిన తనకు జడ వేయడం ఒక్కటే కాదు, ఈ విద్య కూడా బాగానే నేర్పింది.