రెండు గదుల సమీకరణం

“నేను అంకెలు వండి వార్చానని రాశారట?”

ల్యాబు అమ్మాయి కంట్రోల్ రూమ్ గుమ్మంలో నిలబడి అడిగింది. ప్రాసెస్ ఇంజనీరు లేచి నిలబడ్డాడు. నాలుగో దశాంశ స్థానం దాకా వదలడని ప్లాంటులో అతన్ని ‘దశాంశం’ అంటారు.

“అలా రాయలేదండీ. ఆ రీడింగ్ అసాధ్యమని రాశాను.”

“ఆహా! గొంతు పిసికి, ఊపిరాడలేదని రాసినట్టు.”

అది అమ్మోనియా ప్లాంటు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చర్య ఒక హద్దు దాకా సాగి ఆగుతుంది. ఆ హద్దును చెప్పేది సమతాస్థితి స్థిరాంకం. ల్యాబు దాన్ని గాఢతల లెక్కలో, కేసీగా ఇస్తుంది. కంట్రోల్ రూమ్ దాన్ని పీడనాల లెక్కలోకి, కేపీగా మారుస్తుంది. దశాంశానికి ఈ పని కొత్త. అతని లెక్కలో ఆమె కొలిచిన అమ్మోనియా హద్దు దాటింది. హద్దు దాటడం ప్రకృతిలో లేదు కాబట్టి రీడింగే అబద్ధమని రెండు రోజుల క్రితం పైవాళ్లు తేల్చారు. ఈ రోజు మూడు గంటలకల్లా ఆమెను సంజాయిషీ ఇవ్వమన్నాడు మేనేజరు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

“మళ్లీ కొలుస్తాను. దగ్గరుండి చూడండి.”

ఇద్దరూ వానలో యార్డు దాటారు. ఆమె నమూనా గ్యాసును ఆమ్లంలోకి పంపి టైట్రేషన్ చేసింది. చుక్క తర్వాత చుక్క. పాత అంకే వచ్చింది.

అతను ఆమె షీటు మొదటి పేజీ అడిగాడు. కంట్రోల్ రూమ్‌కి ఎప్పుడూ రెండో పేజీనే పంపేవారు. మొదటి పేజీలో సమీకరణం ఉంది: అర మోలు నైట్రోజన్, ఒకటిన్నర మోలు హైడ్రోజన్, ఒక మోలు అమ్మోనియా.

“మీరు ఒక మోలుకి రాస్తారా?”

“ల్యాబు పుట్టినప్పటి నుంచీ. మీరు?”

“రెండు మోళ్లకి.”

అతను కూర్చున్నాడు. ఆమె కేసీ 2.1. రెండు మోళ్లకి వాడాలంటే ముందు దాన్ని వర్గం చేయాలి, 4.4 వస్తుంది. ఆ తర్వాత ఆర్‌టీతో, అంటే వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో, రెండుసార్లు భాగించాలి. అతను భాగించాడు, వర్గం చేయలేదు. కేపీ సగానికి పడిపోయింది, దాంతో అతని లెక్కలో హద్దూ తగ్గింది. అతనికి ముందు ఈ లెక్క చూసిన పాత ఇంజనీరుకు ఈ సంగతి తెలుసు. వెళ్తూ చెప్పలేదు.

మూడింటికి మేనేజరు గదిలో ఆరుగురి ముందు అతను లెక్క విప్పాడు.

“ఒక్క వర్గం మరిచి, మనిషిని దొంగని చేశావా?” అన్నాడు మేనేజరు.

“చేశానండీ. ఆవిడ రీడింగ్ నిజం. తప్పు నాది. అలాగే రాసి సంతకం పెట్టాను.”

వరండాలో ఆమె అతన్ని ఆపింది.

“యార్డు దాటితే నేనున్నాను. ఒక్క మాట అడగలేకపోయారా?”

“మీరంటే నాకు ఇష్టమని ప్లాంటంతా తెలుసు. అడిగితే మీ పక్షం వహించానంటారని, నేరుగా పైకి పంపాను.”

“ప్లాంటంతా తెలుసా? నాకు తప్ప?”

అతను తల దించుకున్నాడు. వాన తగ్గలేదు.

“నా మీద అబద్ధమన్న మాట పడిందని మా అమ్మ రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు,” అంది ఆమె. “ఆదివారం వచ్చి, ఇప్పుడు లోపల చెప్పిందంతా ఆవిడకి చెప్పండి.”

“చెప్తాను. ఇష్టం సంగతి కూడానా?”

“ముందు తప్పు చెప్పండి. అమ్మని అన్నం తిననివ్వండి.” ఆమె రెండడుగులు వేసి ఆగింది. “రెండోది నేను చెప్తాను.”