ఫ్యాన్ ఆపండి నాన్నా

పడగ్గది గోడలకు దుప్పట్లు కొట్టి, కిటికీకి పరుపు ఆనించి, తలుపు మీద ‘స్టూడియో’ అని రాసుకుంటే సౌండ్ ఇంజనీరు అయిపోవచ్చు. లెక్కల మాస్టారి కొడుకు అలాగే అయ్యాడు. పరుపు పాటల పాలైంది కనుక నేల మీద పడుకుంటున్నాడు. రిటైరైన మాస్టారు దీన్ని కళ అనలేదు. పిచ్చి అన్నాడు.

ఆల్బమ్ పాడటానికి వచ్చిన అమ్మాయి పళ్ల డాక్టరు. మొదటిరోజే తగువు.

“మైకు బట్టల బీరువాలో పెట్టారేంటండీ?”

“బట్టల మధ్య గొంతు శుభ్రంగా పడుతుందండీ. లోపలికి రండి.”

అతని చొక్కాల మధ్య నిలబడి పాడింది. బాగా పాడింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచి, “ఇంకొక్కసారి” అన్నాడు. ఆ ఒక్కసారి వానాకాలమంతా సాగింది.

రికార్డింగ్ అంటే ఇంట్లో ఫ్యాను ఆగాలి. కుక్కరు కూయకూడదు. మాస్టారు దగ్గకూడదు. సొంత ఇంట్లో దొంగలా, చెమటలు కక్కుతూ ఆయన హాల్లో కూర్చునేవాడు.

ఆ రోజు ఆమె వస్తూనే గొడుగు దులిపి చెప్పేసింది.

“ఇవాళ ఆల్బమ్ తేలకపోతే నా పాటలు పట్టుకుని వేరే స్టూడియోకి పోతా. జ్ఞానదంతం పీకడానికి కూడా ఇంత టైం పట్టదు.”

“మీరు మత్తు ఇస్తారుగా.”

“ఇక్కడ మీరిస్తున్నారుగా, మాటలతో!”

అతను నవ్వాడు. నవ్వాల్సిన సమయం కాదు. ఆమె పాడింది.

“పల్లవిలో చిన్న తేడా. ఇంకొక్కసారి. నాన్నా, ఫ్యాన్ మళ్లీ ఆపండి!”

మాస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

“ఏం తేడారా? ఆల్బమ్ ఎప్పుడో అయిపోయిందిగా! రోజూ పొద్దున్నే పెట్టుకుని వింటున్నావుగా! పాటలన్నీ నాకు నోటికొచ్చు. పాడమంటావా?”

ఎవరూ పాడమనలేదు.

ఆమె బీరువాలోంచి బయటికొచ్చింది. “నిజమా?”

“మొదటి టేకులే... అన్నీ బాగున్నాయి,” అన్నాడు కొడుకు.

“మరి జలుబుతో వచ్చి పాడానే! నా గొంతులోనే లోపం ఉందేమోనని ఇంటికెళ్లి ఏడ్చాను, తెలుసా?”

అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. ప్రేమలో ఉన్నవాడికి తన బాధ తప్ప ఇంకొకరిది కనపడదు.

ఆమె గొడుగు అందుకుంది.

“అయిపోయిందంటే మీరు రారు కదండీ,” అన్నాడు.

“వినపడలేదు. మళ్లీ.”

“మీరు రాకపోతే నాకు...”

“గొంతు వణుకుతోంది. మళ్లీ.”

“ఏడిపించినందుకు క్షమించండి. మీరంటే ఇష్టం. చాలా.”

“ఆ ‘చాలా’ కొంచెం ఎక్కువైంది,” అంది. గొడుగు మాత్రం కింద పెట్టింది.

మాస్టారికి ఓపిక అయిపోయింది.

“పెళ్లి చేసుకోండర్రా. పెళ్లయ్యాక ఒకరి మాట ఒకరు మొదటిసారి కూడా వినరు. ఇంకోసారి అన్న బాధే ఉండదు. నా ఇల్లు నాకు మిగులుతుంది.” జేబులోంచి పెన్ను తీశాడు. “మీ నాన్నగారి నంబరు చెప్పమ్మా. రేపే మాట్లాడతాను.”

కొడుకు కాగితం అందించాడు. ఆమె అతని వంక చూసింది, పీకాలా ఉంచాలా అని పన్ను చూసినట్టు.

“రాసుకోండి, మామయ్యా,” అంది.

అంతవరకూ ఆయన అంకులే.